ప్లేటు చెప్పిన నిజం

సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో, క్యాన్సర్ ఆసుపత్రిలో శేషావతారం అనే ఫిజిసిస్టు ఉండేవాడు. పనిమంతుడే గానీ, ఆయన లెక్క తప్పిందేమో అని ఎవరైనా అంటే చాలు, ఒంటికి కారం రాసినట్టు మండిపడేవాడు.

రేడియేషన్ ఇవ్వడాన్ని మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారు కదా, ఆ యంత్రం సరిగ్గా ఉందో లేదో చూడటం ఆయన పని. యంత్రం కింద ఒక ప్లేటు ఉండేది. రోగి ఒంట్లోంచి దాటి వచ్చిన కిరణాలను అది ఫొటో తీసి, డోసు ఎంత పడిందో చెప్పేది. అందులో తేడా వస్తే తొట్టెలో నీళ్లు నింపి, మీటరు ముంచి కొలవాలి. తప్పు యంత్రానిదో ప్లేటుదో అప్పుడు తేలిపోతుంది. దానికి ఒక పూట పడుతుంది, అంతే.

ఒక సోమవారం టెక్నీషియన్ రూతమ్మ కంగారుగా వచ్చింది.

"సార్, వంద ఉండాల్సిన చోట ప్లేటు నూట పది చూపిస్తోంది. పొద్దుట్నించీ అందరికీ అంతే. తొట్టె నింపమంటారా?"

"యంత్రాన్ని పోయిన నెలే నేను స్వయంగా చూశాను. ప్లేటు ముసలిదైపోయిందమ్మా."

"ఎందుకైనా మంచిది, ఒక్కసారి కొలిస్తే..."

"నాకు నేర్పుతావా?" అన్నాడు.

రూతమ్మ తిరిగి యంత్రం దగ్గరికి వెళ్లిపోయింది. ఆయన ప్లేటు లెక్కను దిద్ది, అది వంద చూపించేలా చేసేశాడు. ఇదీ మన పెద్దమనిషి చేసిన ఘనకార్యం! ఆ తర్వాత ప్లేటు రోజూ వందే చూపించేది. ఆయన రోజూ సంతకం పెట్టేవాడు.

ఆ వారమే నూకరత్నానికి గొంతుకు కరెంటు మొదలైంది. ఆమె రేవులో చేపల వేలం వేసేది. ఆమె కేక వేస్తే పడవల్లో ఉన్నవాళ్లకి కూడా ధర తెలిసిపోయేది.

"గొంతు మిగల్చండి బాబూ. అదే నా కూడు," అంది మొదటి రోజే.

మూడో వారంలో ఆమె శేషావతారం గది ముందు నిలబడింది.

"గొంతులో నిప్పులు పోసినట్టుందండి. మంచినీళ్లు కూడా దిగట్లేదు. ఎక్కువ పెట్టేత్తన్నారేమో, ఓసారి సూడండి."

"అందరికీ అలాగే ఉంటుంది. ఓర్చుకోవాలి," అని ఆయన ప్లేటు లెక్క చూశాడు. వంద ఉంది. ఉండక ఏం చేస్తుంది, పాపం!

ఆమె చికిత్స అయిపోయిన నెలకు బయటి నుంచి తనిఖీవాళ్లు వచ్చి, తమ మీటరుతో నీళ్లలో కొలిచారు. నూట పది! యంత్రమే ఎక్కువ ఇస్తోంది. ప్లేటు మొదటి రోజే నిజం చెప్పింది.

నూకరత్నం జబ్బు పోయింది. గొంతూ పోయింది. లోపలి కండ కాలి గట్టిపడిందనీ, ఇక పాత గొంతు రాదనీ డాక్టర్లు చెప్పేశారు. అయ్యో, ఏ గొంతు కోసమైతే ఆసుపత్రికి వచ్చిందో అదే పోయింది.

శేషావతారం రేవుకు వెళ్లాడు. వేలం ఇంకెవరో వేస్తున్నారు. నూకరత్నం ఒక మూల కూర్చుని చేపలు కోస్తోంది. ఆయన ప్లేటు సంగతి దాచకుండా చెప్పి, "తప్పు నాదేనమ్మా," అని ఏడ్చేశాడు.

ఆమె కత్తి పక్కన పెట్టింది. ఒక్కొక్క మాటా కూడదీసుకుని, వినీ వినపడకుండా అడిగింది.

"దాని మాట మార్చేశారు, సరే. నా మాటెందుకు ఇనలేదు బాబూ?"



తన తప్పును చూపించేవాళ్ల నోరు మూయిస్తే తప్పు పోదు; దాని దెబ్బ ఏ పాపమూ ఎరగని ఇంకొకరికి తగులుతుంది.