టెర్రియర్ తల ఎందుకు వాలుస్తుంది?

ఒకప్పుడు టెర్రియర్ కుక్క మెడ కర్రలా నిటారుగా ఉండేది. ఏ పని చెప్పినా సూటిగా చూసి వెంటనే చేసేసేది. ఆ మెడ వంగడానికి కారణం మా వంశమే. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది, అయినా వినండి.

మా ముత్తాతకి తాత గవరయ్య. వేరుశెనగ వేసేవాడు. ఆయనకి నోరు ఆగేది కాదు. మా ఇంట్లో అందరికీ అదే జబ్బు. చూడండి, కథ ఇంకా మొదలే కాలేదు!

గవరయ్య దగ్గర ఒక టెర్రియర్ ఉండేది. ఒళ్ళంతా గరుకు వెంట్రుకలు, అందుకని దానికి గరిక అని పేరు పెట్టాడు. రోజూ దాని ఒంటికి అంటుకున్న పల్లేరుకాయలు ఏరేవాడు, గడ్డం దువ్వేవాడు, తన పళ్ళెంలోంచే ముద్ద పెట్టేవాడు. పెడుతూ మాట్లాడుతూనే ఉండేవాడు.

ఒక ఏడాది తొలకరి ముందు పందికొక్కులు గాదె కిందికి బొరియ తవ్వి, విత్తనం కాయల్ని ఎత్తుకుపోవడం మొదలుపెట్టాయి. అవి పోతే విత్తడానికి ఇంకేమీ లేదు.

"గరికా, దూరు!" అన్నాడు గవరయ్య. గరిక దూరింది.

"ఆగు! ముందుకెళ్ళు! ఎడమకి తిరుగు! అబ్బా, నీ ఎడమ కాదే, నా ఎడమ!"

పాపం గరిక అన్నీ చేసింది. ఆ ఇరుకులో అటూ ఇటూ తిరిగి తిరిగి మట్టిని వదులు చేసింది. ధబ్బున బొరియ కూలిపోయింది.

"గరికా! ఎక్కడున్నావే? పలకవేం? భయపడకు! కదలకు! బయటికి రా!" గవరయ్య గొంతు చించుకున్నాడు. గరిక లోపల్నుంచి పలుకుతూనే ఉంది. ఈయన అరుపుల్లో అది వినబడితేగా!

ఆయన భార్య సూరమ్మ పరుగున వచ్చి, ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"కాసేపు ఊరుకోవయ్యా. దాన్ని బతకనీ."

పుట్టాక మొదటిసారి గవరయ్య నోరు ఆగింది. అప్పుడు నేల మాట్లాడింది.

"పొద్దుట్నుంచీ చెబుదామని చూస్తున్నా, సందు ఇస్తేగా! గాదె పక్కనే, నీ కాళ్ళ కింద ఉంది నీ కుక్క. గడ్డపార వద్దు, దానికి తగులుతుంది. చేతుల్తో తియ్యి."

గవరయ్య బోర్లా పడుకుని నేలకి చెవి ఆనించాడు. సన్నగా గోళ్ళ గీకుడు వినబడింది. ఇద్దరూ గోళ్ళు విరిగేలా మట్టి తోడారు. ముందు ముక్కు బయటపడింది, తర్వాత గడ్డం. గరిక మూడుసార్లు తుమ్మింది. గవరయ్య దాన్ని గుండెకి హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఒక్క మాట రాలేదు.

మాట రాగానే ఏమన్నాడో తెలుసా?

"నా మాట విని ఉంటే నీకీ గతి పట్టేదా?"

"విన్నందుకే పట్టిందయ్యా," అంది గరిక.

సూరమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేల కూడా నవ్వి, గరికని పిలిచింది.

"ఆయన మంచివాడే తల్లీ, చెప్పడమే చేతకాదు. ఒక చెవి ఆయనకిచ్చి, రెండోది నావైపు వంచు. కింద ఏముందో నేను చెబుతాను."

మర్నాడు గవరయ్య "ఎడమకి!" అని అరిచాడు. గరిక తల పక్కకి వాల్చింది.

"కుడివైపు నక్కాయి," అంది నేల గుసగుసగా.

గరిక కుడివైపు దూకింది. పందికొక్కులు తోకలెత్తుకుని పొలిమేర దాటాయి. విత్తనం దక్కింది. "చూశావా, నేను చెప్పినట్టే చేసింది!" అన్నాడు గవరయ్య సూరమ్మతో.

అప్పటినుంచే, మనం ఏం చెప్పినా టెర్రియర్ ముందు తల ఓ పక్కకి వాల్చి మనవంక చూస్తుంది. అర్థం కాక కాదు. ఒక చెవితో మన మాట విని, రెండో చెవితో నేలని అడుగుతుంది. నేల సరేనన్నాకే కాలు కదుపుతుంది.