ఒడికనుమ దాటిన చెంబెడు నీరు

నమ్మనివారు ఇక్కడే కర్ర దించి వెనక్కి పోవచ్చు. నమ్మేవారు నా వెంట రండి.

హిమాలయాలలో రెండు సరస్సుల నడుమ, మబ్బులు సైతం ఆగి ఆయాసం తీర్చుకునేంత ఎత్తున ఉన్నది ఒడికనుమ. దిగువ సరస్సులో ముంచిన జలాన్ని ఈ కనుమ దాటించి, ఎగువ సరస్సు గట్టున వెలసిన శివలింగానికి పోయడమే ఇక్కడి యాత్ర. ఇక్కడ తుమ్మితే తుమ్ము గడ్డకట్టి ఠంగుమని రాలుతుంది. ఆ చప్పుడు నేను విన్నాను.

పూర్వం ఇక్కడ మంగ్తూ అనే గొర్రెల కాపరి, అతని భార్య బింద్రో మంద మేపుకొనేవారు. మంద కదిలితే కొండే కదిలినట్లుండేది. ఒక ఏడు వేసవి మేతకని కనుమ దాటి ఎగువకు వచ్చారు. జ్యేష్ఠం వచ్చినా సరస్సు గడ్డ విడవలేదు, గట్టున పచ్చిక మొలవలేదు. వెనక కనుమను కొత్త మంచు నిలువులోతు కప్పేసింది. గొర్రెపిల్లలతో ఉన్న మంద వెనక్కి దాటలేకపోయింది. ఆకలికి గొర్రెలు ఒకదాని ఉన్ని ఒకటి పీక్కు తినసాగాయి.

మధ్యాహ్నపు కునుకులో మంగ్తూకు శివుడు కనబడ్డాడు. “దిగువ సరస్సు నీరు చెంబెడు తెచ్చి నా మీద పొయ్యి, గడ్డ విడుస్తుంది. నీరు నీరుగానే రావాలి సుమా!” అన్నాడు.

మంగ్తూ పరమ భక్తుడు. చెంబును నెత్తిన పెట్టుకుని, మంచును రొమ్ముతో చీల్చుకుంటూ వచ్చాడు. కనుమ ఎక్కేసరికి నీరు రాయి అయింది. మళ్లీ వెళ్లాడు, మళ్లీ రాయే. ఏడుసార్లు వెళ్లాడు, ఏడు రాళ్లు తెచ్చాడు.

బింద్రో నడుం బిగించింది. “నెత్తిన పెట్టుకుంటే ఏం లాభమయ్యా? నీ వేడంతా నోట్లోనే ఉంది. ఇటు తే చెంబు!”

ఆమె దిగువకు వెళ్లి చెంబు ముంచింది. కాపరులు అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను మోసినట్లు, దాన్ని అంగీలో పొట్టకు ఆనించి, పైన ఉన్నితాడు చుట్టింది. ఎదురొచ్చిన మంగ్తూ గుండె బాదుకున్నాడు. “దేవుడి జలమే! పొట్ట దగ్గరా? అపచారం!”

“గొర్రెపిల్ల బతికే చోట దేవుడు బతకడా? తప్పుకో!”

కాలివేళ్లు నల్లబడ్డాయి, కనురెప్పలు అతుక్కున్నాయి. ఆమె ఆగలేదు. లింగం మీద పోసిన నీరు గోరువెచ్చగా జారింది. సరస్సు పిడుగు పడినట్లు పగిలింది. మూడో నాటికి పచ్చిక మోకాలెత్తు లేచింది. మంద బతికింది.

నాటి నుండి ఇది ఒడికనుమ. నేటికీ ఇక్కడ జలాన్ని నెత్తిన మోయరు. ఆడా మగా అందరూ చెంబును ఒడిలో కట్టుకునే దాటుతారు. గడ్డకడితే నొచ్చుకోకుండా మళ్లీ దిగుతారు. అలా దాటినవారికి పట్టిన పని విడువని బలం కలుగుతుంది. డెబ్బై రెండో ఏట నేను దాటాను. నా చెంబులో జలం ఆవిరి చిమ్మింది. అందుకు సాక్షి, నా వెనకే నడిచిన మా వియ్యపురాలు పెనుమత్స సుభద్రమ్మగారు. నన్ను మెచ్చుకోవడానికి అబద్ధమాడే మనిషి కాదావిడ.