ఎర్రపెట్టది ఏ సిగ్నలు?

దేవుడు తెలివి పంచిన రోజున గంగరాజు, అతని తమ్ముడు సత్తిపండు ముందు వరసలో నిలబడ్డారట. చెప్పేది వాళ్ళే. గంగరాజు పెళ్ళాం వరహాలు ఆ వేళ గేదెకి కుడితి పెడుతూ ఉండిపోయిందట. అదీ వాళ్ళే చెబుతారు.

వరహాలు బాతుగుడ్లు పొదిగే కరెంటు పెట్టె తెచ్చుకుంది. పిల్లలు దిగితే సొంతంగా మంద కట్టాలని ఆశ. పెట్టెలో వేడి ఎంతుందో ఫోనుకి చెప్పే సెన్సరు కూడా కావాలంది.

"మిషన్ల సంగతి నీకేం తెలుసే!" అని అన్నదమ్ములు టౌనుకి పోయారు.

కొట్టువాడు విడమరిచి చెప్పాడు. "సెన్సర్లకి మూడు రకాల సిగ్నళ్ళు. బ్లూటూత్ పక్కనుంటేనే మాట్లాడుతుంది. వైఫై ఇల్లంతా తిరుగుతుంది గాని దానికి గోడలంటే పడదు. లోరా మైళ్ళ దూరం పోతుంది, కాకపోతే రెండు ముక్కల్లో చెబుతుంది."

మూడూ కొన్నారు.

ముందు బ్లూటూత్. సత్తిపండు ఫోను పట్టుకుని పెట్టెని ఆనుకుని కూర్చున్నాడు. వేడి పెరిగిందని ఫోను కుయ్యోమంటూనే ఉంది. వరహాలు పొయ్యి దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి తగ్గించింది.

"పక్కనే ఉన్నావు, తగ్గించొచ్చు కదయ్యా?"

"నా పని వినడం వదినా!"

ఈ ఇంటి మగాళ్ళు పుట్టుకతోనే బ్లూటూత్‌లు అనుకుంది వరహాలు. పక్కనే ఉంటారు, లేవరు.

తప్పు బ్లూటూత్‌దేనని తేల్చి వైఫై పెట్టారు. దానికి గోడలంటే పడదు కదా? ఇంకేముంది, గంగరాజు గునపం తీశాడు. పెట్టె ఉన్న షెడ్డు గోడ కూలింది, సిగ్నలుతో పాటు చలిగాలి కూడా వచ్చింది.

ఇక లోరా. ఆ పూట సత్తిపండు కాపలా. గోడ లేని షెడ్డులోకి కుక్క దూరింది.

"కుక్క వచ్చింది!" అని పొలంలో ఉన్న అన్నకి కేకేశాడు.

"తోలరా మరి! ఎటు పోతోంది?"

సత్తిపండు రెండు వేళ్ళు చూపించి నోరు మూసుకున్నాడు. లోరా లెక్కన రెండు ముక్కలూ అయిపోయాయి. అంతే, కుక్క పెట్టె మూత తోసేసి తీరిగ్గా సగం గుడ్లు భోంచేసింది.

వరహాలు మిగతా గుడ్లు కొంగులో పోసుకుంది. "కాపరానికొచ్చిన నాటి నుంచీ అన్న మాట తమ్ముడికి, తమ్ముడి మాట అన్నకి, మీ ఇద్దరి మాటా ఊరికి మోస్తున్నాను. నాకెవడన్నా చార్జింగు పెట్టాడా?"

గుడ్లని తన కోళ్ళలో పొదగడానికొచ్చిన ఎర్రపెట్ట కింద పెట్టింది. "దీని జోలికొస్తే కాళ్ళు విరుగుతాయి."

రోజులు నిండాయి, గుడ్లు చిట్లాయి. పచ్చటి పిల్లలు బిలబిల్లాడుతూ బయటికొచ్చాయి. వరహాలు వాటికి నీళ్ళు తేవడానికి వెళ్ళింది.

"అన్నా, ఈ కోడిది ఏ సిగ్నలు?"

"దగ్గరికెళ్తేనే పొడుస్తోందిరా. బ్లూటూతే!"

"ఇన్నాళ్ళూ చార్జింగు లేకుండానే పనిచేసిందా, పాపం!"

గంగరాజు చార్జరు తెచ్చి కోడి తోక ఎత్తాడు.

అంతే! కోడి పెట్టిన కేక ఏటి అవతలి ఊరికి వినిపించింది.

సత్తిపండు గంతేశాడు. "అన్నా, దీన్లో లోరా కూడా ఉందిరోయ్!"