మూడో రోకలి

అనగనగా వరిగడ్డ అనే రాజ్యం. రాజుగారి పేరు నన్నడక్కండి, ఈ కథ ఆయనది కాదు. ఆయన కొట్టులో వడ్లు దంచే ఆడవాళ్ళది. వాళ్ళను తలుచుకుంటే చాలు, నా ఛాతీ జానెడు ఉబ్బుతుంది!

ఒక్కో రోటి చుట్టూ ముగ్గురు. మూడు రోకళ్ళు ఒకదాని వెంట ఒకటి పడేవి. ఒకటి ఇంకోదానికి తగిలిందా? ఊహూఁ! పాటా ఆగేది కాదు, కబుర్లూ ఆగేవి కావు. మొగుణ్ణి వరదలో పోగొట్టుకున్న వరాలు మళ్ళీ నవ్వింది ఆ రోటి దగ్గరే. పెద్దావిడ గౌరమ్మ, పొరుగింటి ఆదెమ్మ ఆమెకు జత.

అది మంత్రి దండపాణికి గిట్టలేదు. "ప్రభూ, వీళ్ళు నోటితో దంచేదే ఎక్కువ. తలా ఒక గది, తలా ఒక రోలు ఇప్పించండి" అన్నాడు. రాజుగారు సరేనన్నారు.

నెల తిరక్కముందే వరాలు రోకలి వదిలేసింది. అన్నం ముట్టదు, మాట్లాడదు. గోడకేసి చూస్తూ కూర్చుంటుంది. ఇలాగైతే మనిషి దక్కదని అందరికీ బెంగ పట్టుకుంది.

రాజుగారు చెడ్డవారేం కాదు. వైద్యుణ్ణి పంపారు. కషాయం చల్లారిపోయింది గానీ గొంతు దిగలేదు. పట్టుచీర పంపారు. ఆమె మడత విప్పలేదు. మాటలు నేర్చిన చిలకను పంపారు. అది "నవ్వు వరాలూ, నవ్వు!" అనేసరికి పాపం, భోరున ఏడ్చింది.

అప్పుడు గౌరమ్మ రోకలి భుజాన వేసుకుని తిన్నగా కొలువుకు నడిచింది. భటులు అడ్డొచ్చారు. "తప్పుకోండ్రా! రోట్లో తల దూర్చాక రోకటిపోటుకు వెరుస్తానా?" అంది. రాజుగారికి దణ్ణం పెట్టి, "మహారాజా, మా వరాలికి మందు మా దగ్గరుంది. మమ్మల్ని దాని గదిలోకి పోనివ్వండి, చాలు" అంది.

"పదండి, నేనూ చూస్తాను" అని రాజుగారు మంత్రితో సహా వెంట వెళ్ళారు.

గౌరమ్మ వరాల్ని ఒక్క మాటా అడగలేదు. రోట్లో వడ్లు పోసి, ఆదెమ్మను ఎదురుగా నిలబెట్టుకుని దంచసాగింది. గౌరమ్మ పోటు. ఆదెమ్మ పోటు. ఆ తర్వాత ఖాళీ. మళ్ళీ రెండు పోట్లు, మళ్ళీ ఖాళీ. మూడో రోకలి గోడకు ఆనించి ఉంది.

"మధ్యలో ఆ ఆగడమెందుకు?" అని గొణిగాడు మంత్రి.

"అది మా పిల్ల వంతు బాబూ. వచ్చేదాకా అట్టే పెడతాం" అంది గౌరమ్మ, చెయ్యి ఆపకుండా.

చాలాసేపటికి వరాలు తల తిప్పింది. లేచింది. రోకలి అందుకుంది. మూడో పోటు పడింది! దంచుతూ ఏడ్చింది, ఏడుస్తూ దంచింది. ఎవరూ ఊరుకోమనలేదు. బియ్యం తెల్లబడేసరికి ఆమే గౌరమ్మకేసి తిరిగి నోరు విప్పింది.

"అత్తా, ఆకలేస్తోంది. ఇంత అన్నం పెట్టవూ?"

రాజుగారు కళ్ళు తుడుచుకుని ఆ పూటే గదుల మధ్య గోడలు కూల్పించారు.

"మరి ఆ కబుర్ల మాటేమిటి?" అన్నాడు మంత్రి, ఇంకా బింకం పోక.

గౌరమ్మ తలెత్తి నవ్వింది. "అవే బాబూ, మా కూట్లో ఉప్పు!"

మందులూ కానుకలూ నిలబెట్టలేని మనసును, "నీ చోటు నీకే ఉంది, రా" అనే తోటి ఆడవాళ్ళ తోడు నిలబెడుతుంది.