రేవును మూడు ముక్కలు చేసిన నక్క

గోదారి నడుమ మాదో చిన్న లంక. అక్కడ తెలివైన నక్క ఎవరంటే నేనే. ఉన్నదే ఒక్క నక్క సంసారం లెండి, పోటీ లేదు.

లంక మొత్తానికి మెరక ఒక్కటే. వరదొస్తే దాని మీద ఎవరుండాలో ముగ్గురు మెంబర్ల పంచాయతీ తేలుస్తుంది. నేను పెళ్లాంతో, నలుగురు పిల్లలతో అక్కడే కాపురం. గుడ్లు పెట్టుకోవడానికి బాతులకూ అదే చోటు కావాలి. నా పక్కన పెడితే గుడ్లు మిగలవు కదా, అందుకని నన్ను దింపేయాలని వాటి పట్టు.

ఆ ఏడు ఎన్నికలొచ్చాయి. వార్డుల హద్దులు గీయాల్సిన తాబేలు తాత నాలుగడుగులకే ఆయాసపడుతుంటే, "మీరు కూర్చోండి తాతా, నేను గీసుకొస్తా" అన్నాను. అబ్బో, ఎంత సేవాభావమో నాకు!

బాతులు ముప్పై, అన్నీ రేవు దగ్గరే ఉంటాయి. వాటిని ఒకే వార్డుగా వదిలేస్తే ఒక్క సీటు పోయేది, మిగతా రెండూ నా చేతిలో ఉండేవి. కానీ కక్కుర్తి ఊరుకుంటుందా? ఆ ఒక్కటీ కావాలనిపించింది. రేవును మూడు ముక్కలు చేశాను. వార్డుకి మేకలు పదకొండు, బాతులు పది, గేదెలు తొమ్మిది. మెరక మీది పచ్చగడ్డి ఆశ చూపించి మేకల్ని ముందే నా వైపు తిప్పుకున్నాను. ఎవరి ఓటు వాళ్లవాళ్లకే పడితే మూడు సీట్లూ మేకలవే, అంటే నావే.

ముసలి బాతు నూకాలమ్మ రొప్పుతూ వచ్చింది.

"ఏం నాయనా, నా గూడు ఒకటో వార్డూ, పక్కనే ఉన్న నా కూతురి గూడు రెండో వార్డూనా?"

"రూలమ్మా, రూలు. ప్రచారానికి గీత దాటితే ఓటు పోద్ది."

"అయితే దాటం నాయనా."

ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాను. రోజూ గీతల వెంట కాపలా తిరిగాను. ఒక్క బాతూ దాటలేదు.

లెక్కింపు రోజు తాబేలు తాత తాపీగా చదివాడు. "ప్రతి వార్డులోనూ మేకకు పదకొండు, గేదెకు పంతొమ్మిది, బాతుకు సున్నా."

"మూడు వార్డుల బాతులూ గేదెలూ కలిసి ఎప్పుడు మాట్లాడుకున్నారు?" అని నూకాలమ్మని అడిగాను.

"రోజూ, గోదాట్లో. మేం ఈదేదీ అక్కడే, అవి పడుకునేదీ అక్కడే. నువ్వు గీత నేల మీదే గీశావుగా నాయనా!"

నీళ్లంటే నాకు చచ్చేంత భయం. అటు తొంగి కూడా చూడలేదు.

గేదెల పంచాయతీ అనుకున్న మాట ప్రకారం మెరకను బాతులకిచ్చేసింది. ఆషాఢంలో వరదొచ్చింది. ఇసుక తిప్ప మీద పిల్లల్ని నోట కరుచుకుని వణుకుతుంటే, నూకాలమ్మ పైనుంచి కేకేసింది.

"గుడ్లు ముట్టనని ఒట్టేస్తే మీ ఆవిడనీ పిల్లల్నీ ఇటు రానీ. తల్లీ పిల్లల్ని విడదీయడం మాకు చేతకాదు."

మా ఆవిడ ఒట్టేసి, వెనక్కి చూడకుండా ఎక్కేసింది.

"మరి నేనో?" అన్నాను.

"నీది వేరే వార్డు నాయనా."

మోకాలి లోతు నీళ్లలో నిలబడి చెబుతున్నాను, వినండి: నలుగురినీ విడదీయడానికి గీత గీసినవాడికి చివరికి ఆ గీతకు ఏ పక్కా చోటు దొరకదు.