పదిహేడు ఎర్ర వరసలు

ప్రణీత్ మూసేసిన టికెట్ నాలుగోసారి తెరుచుకుని వచ్చింది.

టికెట్ అంటే ఫిర్యాదు. ఎవరైనా ఫోన్ చేసి బాధ చెప్పుకుంటే కంప్యూటర్లో దానికో నంబరు పడుతుంది. బాధ తీరితే మూసేస్తారు. తీరకపోయినా మూసేసేవాళ్లు ఉంటారు. ప్రణీత్ అలాంటివాడని అనను. పని వచ్చినవాడే. ఆ నెల అందరికన్నా ఎక్కువ టికెట్లు మూసింది వాడేనని బోర్డు మీద పేరు కూడా రాశారు. ఆ బోర్డు ముందు నుంచి వెళ్లేటప్పుడు వాడి నడక కొంచెం మారేది.

బెజవాడలో ఒక టైర్ల కొట్టు పైన ఉండేది ఆ ఆఫీసు. వాళ్లు అమ్మే సాఫ్ట్‌వేర్ చేసే పని ఒక్కటే. రెండు చోట్ల ఉన్న రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చూస్తుంది. తేడా ఉన్న వరసను ఎర్రగా చూపిస్తుంది. మీట నొక్కితే ఒకవైపుది రెండో వైపుకి ఎక్కి రెండూ ఒకటవుతాయి. ఏ వైపుది నిజమో దానికి తెలియదు. తెలుసని అది ఎప్పుడూ అనలేదు.

ఫోన్లు ఎత్తేవాళ్లకి పెద్ద పరబ్రహ్మం గారు. అందరూ మాస్టారు అనేవారు. చదివింది ఐదో తరగతి. అంతకుముందు ఇరవై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు చూశారు. ఒకరు రాతప్రతి పైకి చదువుతుంటే ఇంకొకరు అచ్చుకాగితం మీద వేలు పెట్టుకుని చూస్తూ పోవడం, అదీ పని. కామా పోయినా ఒప్పుకునేవారు కాదు. ఈయనకి ఇంగ్లీషు రాదని మీటింగులో ఒక మేనేజరు ఒకసారి నవ్వాడు. ఆ మేనేజరు ఉద్యోగం మానేసి ఆరేళ్లయినా మాస్టారు ఆ మీటింగు గదిలోకి మళ్లీ అడుగు పెట్టలేదు.

ప్రణీత్ ఆయన బల్ల దగ్గరికి వచ్చి ఒక కాగితం పెట్టాడు. మధ్యాహ్నం రెండు దాటింది. కరెంటు పోయి ఇన్వర్టరు మీద కంప్యూటర్లూ ఒక్క ఫ్యానూ నడుస్తున్నాయి. పొద్దుటి నుంచి ముప్పై ఫోన్లు ఎత్తి మాస్టారి గొంతు బొంగురుపోయింది. డబ్బాలో అన్నం సగం అలాగే ఉంది.

కాగితంలో ఏముందో ప్రణీతే చెప్పాడు. పల్నాడు వైపు ఒక పిల్లల ఆసుపత్రి ఉంది. ఒంట్లో రక్తం నిలవని జబ్బు పిల్లలకి అక్కడ మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తారు. ఆ రక్తం ఇంకో ఊరి బ్లడ్ బ్యాంకు నుంచి వస్తుంది. ఎవరికి ఎప్పుడు ఇచ్చారన్న జాబితా రెండు చోట్లా ఉంటుంది. రోజూ పొద్దున్నే రెండింటినీ కలుపుతారు. కలిపినప్పుడు అంతా బాగానే ఉంటుంది. మర్నాటికి మళ్లీ పదిహేడు వరసలు ఎర్రగా ఉంటాయి. ఎప్పుడు చూసినా ఆ పదిహేడే.

సాఫ్ట్‌వేర్‌లో తప్పేమీ లేదని వాడు నాలుగుసార్లు పరీక్షించి తేల్చాడు. అక్కడ ఎవరో చేత్తో తేదీలు మారుస్తున్నారు. ఆసుపత్రిలో సువార్తమ్మ అని ఒకావిడ మారుస్తుంది. బ్యాంకులో బాజీ అని ఒకతను మళ్లీ వెనక్కి మారుస్తాడు. ఇద్దరూ విడివిడిగా ఫోన్ చేసి మీ సాఫ్ట్‌వేర్ మా తేదీలు పాడుచేస్తోందని తిడతారు. అందుకని ఇది మా తప్పు కాదు, మీరే వాడటం నేర్చుకోవాలి అని మర్యాదగా ఒక ఉత్తరం రాశాడు. మాస్టారు సరే అంటే రెండు టికెట్లూ ఇక తెరుచుకోకుండా మూసేయొచ్చు.

మాస్టారు కాగితం ముట్టుకోలేదు. ఇవాళ సువార్తమ్మ ఫోన్ ఎందుకు చేసిందని అడిగారు.

ప్రణీత్ కొంచెం విసుగ్గానే చెప్పాడు. లిఖిత అని ఏడేళ్ల పాప. వాళ్లమ్మ రెండు బస్సులు మారి తీసుకొచ్చిందట. ఆసుపత్రి జాబితా ప్రకారం ఇవాళ రక్తం ఎక్కించాలి. బ్యాంకు జాబితా ప్రకారం నిన్నే ఎక్కించాలి. పక్కన పెట్టిన సీసా ఒక్కరోజే ఉంచుతారు. నిన్న ఎవరూ అడగలేదని దాన్ని ఇంకొకరికి ఇచ్చేశారని కంప్యూటర్ చూపిస్తోంది. మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. పాప వరండాలో పడుకుని ఉందట, పెదాలు తెల్లబడ్డాయట.

"ఆవిడ అదంతా నాకు చెబితే నేనేం చేస్తాను మాస్టారూ? మనం డాక్టర్లం కాదు గదా."

"వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారా?"

మాట్లాడుకోరని ప్రణీత్ చెప్పాడు. నాలుగు నెలల కింద సీసా మీద చీటీ తప్పు అంటించారని గొడవైంది. అప్పటి నుంచి మాటల్లేవు. ఏదున్నా పై అధికారుల ద్వారానే.

"నీతో మాట్లాడతారు కదూ."

"రోజూ మాస్టారూ. ఇద్దరూ. నా ప్రాణం తీస్తున్నారు."

మాస్టారు తన బల్ల మీద ఫోను దగ్గరికి లాక్కున్నారు. పక్క బల్ల మీద ఫోను కూడా తీగ అందినంత మేర లాగమన్నారు. ఇద్దరి నంబర్లూ అడిగి, మెల్లగా, ఒక్కో అంకె పైకి అనుకుంటూ నొక్కారు.

ఒకదాంట్లో సువార్తమ్మ ఎత్తింది. రెండోదాంట్లో బాజీ ఎత్తాడు. మాస్టారు మొదటి దాంట్లో, "అమ్మా, మీ పదిహేడు వరసలూ పైకి చదవండి. పేరు, తేదీ. అంతే" అన్నారు. రెండో దాంట్లో, "బాబూ, మీ జాబితా ముందు పెట్టుకుని వేలు పెట్టి చూసుకోండి. తేడా ఉన్నచోట ఆపండి" అన్నారు. అవతల ఎవరున్నారో ఇద్దరికీ చెప్పలేదు.

చెప్పి, రెండు రిసీవర్లూ బల్ల మీద ఎదురెదురుగా పడుకోబెట్టారు. దీని నోరు దాని చెవికి, దాని నోరు దీని చెవికి.

ప్రణీత్ ఏదో సర్దిచెబుదామని చెయ్యి చాపాడు. మాస్టారు ఆ చెయ్యి పట్టుకుని పక్కన పెట్టేశారు.

చెవి దగ్గర పెట్టుకోకపోయినా వినపడేటట్టు మాట్లాడే మనుషులే ఇద్దరూ. సువార్తమ్మ మొదటి పేరు చదివింది. ఆపమన్నాడు బాజీ. అవతల ఆ గొంతు ఎవరిదో ఆవిడకి తెలిసిపోయింది. చదవడం ఆగింది.

"నువ్వా."

"నేనే. ఫోను పెట్టేస్తావా?"

పెట్టెయ్యలేదు. ఆవిడ అతని చదువుని, అతని ఉద్యోగాన్ని, అతనికి ఉద్యోగమిచ్చినవాళ్లని వరసగా దులిపింది. తేదీ తప్పు వేసి పిల్లల ప్రాణాలతో ఆడుకునేది ఎవరని అతను అడిగాడు. నీకు అంకెలు వచ్చా అని ఆవిడ అడిగింది. మాస్టారు ఈలోగా డబ్బా మూత తీసి రెండు ముద్దలు తిన్నారు.

తిట్టుకుని తిట్టుకుని ఇద్దరూ అలిసిపోయాక, అలవాటు మీద ఆవిడ రెండో పేరు చదివింది. అతను ఆపమన్నాడు. మూడోది చదివింది. మళ్లీ ఆపమన్నాడు. ఈసారి అతని గొంతు కొంచెం తగ్గింది.

"పదకొండో తారీకే గదమ్మా. సాయంత్రం ఏడింటి బస్సుకి నేనే ఎక్కించాను ఆ సీసా. చలి పెట్టెలో పెట్టి డ్రైవరు చేతికిచ్చాను."

"ఏడింటి బస్సు మా ఊరు వచ్చేసరికి పదిన్నర. ఆ టైములో పిల్లకి ఎవరు ఎక్కిస్తారు? పన్నెండో తారీకు పొద్దున ఎక్కించాం."

బాజీ రిసీవర్లోంచి కాగితాలు తిప్పుతున్న చప్పుడు వచ్చింది.

తర్వాత బాజీ మిగతావి కూడా చదవమన్నాడు. ఆవిడ చదివింది. పదిహేడూ దూరం పల్లెల పిల్లలవే, పదిహేడూ సాయంత్రం బస్సుకి వెళ్లినవే. అతను పంపిన రోజు రాసుకున్నాడు. ఆవిడ ఎక్కించిన రోజు రాసుకుంది. నాలుగు నెలలుగా ఒకరి నిజాన్ని ఇంకొకరు చెరిపేస్తూ వచ్చారు. మీట నొక్కడం ఎలాగో ఇద్దరికీ దగ్గరుండి నేర్పింది ప్రణీత్.

వాడు తన ఉత్తరం బల్ల మీంచి తీసేసుకున్నాడు.

"లిఖితది ఏ గ్రూపు?" అన్నాడు బాజీ.

"బి నెగెటివ్. నీకు తెలీదా."

"తెలుసు. ఉండు." కుర్చీ జరిపిన చప్పుడు, ఫ్రిజ్ తలుపు చప్పుడు. "ఒకటుంది. రేపు ఒకాయన ఆపరేషన్ కోసమని ఉంచారు. డాక్టరు గార్ని అడుగుతాను. ఒప్పుకుంటే నాలుగింటి బస్సు. పెట్టె నేనే తీసుకెళ్లి ఇస్తాను, నువ్వు బస్టాండుకి ఎవరినన్నా పంపించు."

"నేనే వస్తాలే" అంది సువార్తమ్మ. ఆ తర్వాత ఫోన్లు పెట్టేసిన శబ్దం.

మాస్టారు రిసీవర్లు రెండూ తీసి వాటి చోట్ల పెట్టారు. డబ్బా మూత బిగించారు. కళ్లు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలారు.

ప్రణీత్‌కి దారి దొరికింది. జాబితాలో ఇంకో గడి పెట్టాలి. పంపిన రోజుకి ఒకటి, ఎక్కించిన రోజుకి ఒకటి. అప్పుడిక ఎర్ర వరస ఒక్కటీ ఉండదు. వాడు పావుగంటలో ఆ గడి తయారు చేసి, రెండు చోట్లా పెట్టి, పరీక్షించి చూశాడు. తెర మీద ఎక్కడా ఎరుపు లేదు. ఆ మాట చెప్పడానికి మాస్టారి దగ్గరికి వచ్చాడు.

"అంతా సరిపోయింది మాస్టారూ. రెండు టికెట్లూ మూసేయనా?"

మాస్టారు కళ్లు తెరవలేదు.

"పాపకి రక్తం ఎక్కిందా?"

ప్రణీత్ గోడ మీద గడియారం చూశాడు. మూడుంబావు.

తన కుర్చీ తెచ్చుకుని ఫోను పక్కన వేసుకుని కూర్చున్నాడు.