నేల తవ్వని మగ్గం

శరభయ్యగారు ఏనాడూ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. పదేళ్ళుగా ఆయన దగ్గర చదువుకుంటున్న విరూపాక్షికి ఆ సంగతి తెలుసు. తెలిసీ ఒక పొద్దున అడిగాడు. విరూపాక్షి ఊరి సభలో ఒక పెద్ద. పొరుగు రాజ్యంలో గద్దె ఎవరిదో తేలక, అక్కడి కంసాలులూ కంచరులూ మూటాముల్లే సర్దుకుని వచ్చి ఊరి బయట దిగారు. ఇక్కడే స్థిరపడే హక్కు ఇమ్మంటున్నారు. మర్నాడు సభ ఏదో ఒకటి తేల్చాలి.

"పనిమంతులే, కాదనను. కాని కష్టం రాగానే అక్కడి నుంచి వచ్చేసినవాళ్ళు రేపు ఇక్కడి నుంచి పోరని ఏమిటి నమ్మకం, గురువుగారూ?"

శరభయ్యగారు ఈ సంగతి చెప్పారు.

వెనక ఒక పట్టణానికి ఇలాగే చౌడప్ప అనే నేతగాడు భార్య ఈరమ్మతో, మరో పది కుటుంబాలతో వచ్చాడు. వాళ్ళ దేశంలో రాజు పోయి, కొడుకులిద్దరూ కొట్టుకుంటున్నారు. పట్టణాధికారి నిబంధనలు చదివి వినిపించాడు. చీర నేసి పనితనం చూపిస్తే నివాసపు హక్కు ఇస్తారు. హక్కు లేనివాడు మాత్రం ఆ నేలలో గడ్డపార దించకూడదు. మగ్గానికి గుంట తవ్వాలనీ, అందులోకి కాళ్ళు దించి తొక్కితేనే నేత సాగుతుందనీ అధికారికి తెలియదు. పాపం, ఆయన పట్టుబట్టలు కట్టడమే ఎరుగును.

చౌడప్ప వాదించలేదు. సత్రం వెనక బండరాళ్ళు పేర్చి, నడుమెత్తు గోడ లేపి, మధ్యలో కాళ్ళు దించే చోటు వదిలాడు. దాని మీద కూర్చుని, మోకాళ్ళు రాళ్ళకు ఒరుసుకుపోతున్నా, నలభై రోజులు నేశాడు.

చీర చూసి అధికారి ముచ్చటపడ్డాడు. హక్కు పత్రం తెప్పించాడు. దాని చివర ఒక వాక్యం ఉంది: ఏ కాలంలోనూ ఈ పట్టణం విడిచి వెళ్ళబోమని ప్రమాణం చేస్తున్నాము. చౌడప్ప తల వంచుకున్నాడు. అబద్ధం ఆడలేడు. పత్రం చేతికి రాకపోతే పదకొండు కుటుంబాలూ పొద్దుగూకేలోగా ఊరు దాటిపోవాలి.

మగ్గం పక్కన నూలు కండెలు చుడుతున్న ఈరమ్మ లేచి వచ్చింది.

"అయ్యా, నిరుడు ఇదే నెలలో అడిగుంటే, పుట్టినూరు విడిచి ఎక్కడికీ పోమని మేమూ ప్రమాణం చేసేవాళ్ళమే. మీ రాజ్యం ఎల్లకాలం ఇట్టాగే చల్లగా ఉంటదని ముందు మీరు ప్రమాణం చెయ్యండి. ఆ వెనకే మేమూ చేస్తాం."

అధికారి కలం అందుకుని, ఆ వాక్యం కొట్టేసి, ముద్ర వేశాడు.

శరభయ్యగారు అక్కడితో ఊరుకున్నారు. విరూపాక్షికి తృప్తి కలగలేదు.

"తర్వాత వాళ్ళ దేశంలో గొడవ సద్దుమణిగే ఉంటుంది కదా. వెళ్ళిపోయారా, లేదా?"

"నేతగాళ్ళు ఇప్పటికీ అక్కడే ఉన్నారు నాయనా. ఏడేళ్ళకు అక్కడా గద్దె కదిలితే, పట్టణం విడిచి వెళ్ళింది ఆ అధికారే," అన్నారు శరభయ్యగారు. "ఏ ఊరు వచ్చి తలదాచుకున్నాడో మీ నాన్నగారినే అడుగు. ఆ వాక్యం కొట్టేసిన కలం ఇంకా మీ ఇంట్లోనే ఉండాలి."